బండియే బ్యాటరీ



మన ఆస్పరినుండి ఆదోనికి ప్రత్తి తోలెడి బండి యెద్దులమేతను గూడ మోయవలెను. విద్యుత్ కారు కష్టమును అదియే. తన బ్యాటరీని తానే మోయుచున్నది. బండికొయ్యయే మేతను దాచుకొనగలిగినచో?

స్వీడను దేశమున చాల్మర్స్ విశ్వవిద్యాలయమువారు అట్టిదానినే చేసిరి. వెండ్రుకకన్న సన్నని కార్బను పోగులు బరువునకు నిలుచును, లిథియమును దాచుకొనును. 2024లో వారు ప్రకటించినదాని దృఢత్వము 70 గిగాపాస్కలులు, అనగా అల్యూమినియమంత. శక్తినిలువ మాత్రము కిలోకు 30 వాట్-గంటలే.

చిక్కంతయు పోగులను బంధించు జిగురులో నున్నది. గట్టిజిగురు అయానులను పోనీయదు. పోనిచ్చునది బరువునకు చాలదు. పడుగునకు గంజి పెట్టెడి ఎమ్మిగనూరు నేతగాండ్రకు ఇట్టి యిరకాటము క్రొత్తగాదు. పైగా లిథియము చేరిన పోగు ఉబ్బును, వీడినంతనే తగ్గును. వేలమారు లిట్లు జరిగినను జిగురు పట్టు వీడకుండునా యనునదే నా సందేహము.