సైలెంట్ వ్యాలీ అడవిలో మన పిల్లలు

(వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



గత డిసెంబరులో మన విద్యార్థులను ఇరువది యిద్దరిని వెంటబెట్టుకొని, కేరళలోని పాలక్కాడు జిల్లాయందలి సైలెంట్ వ్యాలీ జాతీయోద్యానమునకు పోయివచ్చితిమి. బయలుదేరుటకు ముందు ఒక తండ్రిగారు, "అడవి చూచినంతమాత్రమున మార్కులు వచ్చునా, మాస్టారూ?" అని యడిగిరి. రావంటిని. వారు కుమార్తెను పంపలేదు. నేడు వారీ సభలోనే యున్నారు. ఆ బాలిక చూడలేకపోయినదానిని గూర్చి నాలుగు మాటలు చెప్పెదను. వారు మన్నింతురు గాక.

ముక్కాలి గ్రామమువద్ద మన బస్సు నిలిచినది. అటుపై అడవిలో 23 కిలోమీటర్లు అటవీశాఖవారి జీపులలోనే పోవలెను. నీలగిరులనుండి దిగివచ్చిన భవానీనది అచ్చట చటుక్కున ఈశాన్యమునకు మలగును. ఎనిమిదవ తరగతి బాలుడొకడు, "ఇవేనా సార్, మన పిల్లూరు నీళ్ళు?" అనెను. ఔను, కోయంబత్తూరులో మన కుళాయిలకు వచ్చు పిల్లూరు నీరు ఈ నదిదే. ఆ పాఠము నేను తరగతిలో ఎన్నిమార్లో చెప్పియుంటిని. ఆనాడు గాని వాని తలకెక్కలేదు.

లోనికి పోయినకొలది వెలుతురు సన్నగిల్లెను. పెద్ద వృక్షముల మొదళ్ళవద్ద వేళ్ళు గోడలవలె నిలిచియున్నవి. ఇంతటి చెట్లను పెంచిన నేల మిక్కిలి సారవంతమైనదని తలంతుము. కాదు. కుండపోత వానలు సారమును కడిగివేయును; మిగిలినదానిలో చాల భాగము చెట్లలోనే యుండును. రాలిన ఆకును పురుగులు, బూజులు కుళ్ళజేసి వెంటనే వేళ్ళకందించును. కావున అట్టి యడవిని నరికి, మరల నాటెదమనుట వట్టిమాట. ఆకుల తుక్కు, వేళ్ళు వాననీటిని పట్టియుంచి కొంచెము కొంచెముగా వాగులకు విడుచును.

సింహపుచ్ఛ వానరము రెండు నిమిషములే కనబడెను: నల్లని దేహము, ముఖముచుట్టు బూడిదవన్నె జూలు. అది నేలకు దిగుట అరుదు. నడుమ వెడల్పైన బాట వేసి కొమ్మల కలయికను తెంచినచో గుంపు చీలిపోవును. వెడిప్లావు అను చెట్టు పూలు, కాయలు దాని ముఖ్యాహారము. ఆ చెట్టును తెలుగులో ఏమందురని ఒక బాలిక యడిగెను. మన సీమలో పెరగని చెట్టునకు పేరెక్కడిదని తప్పించుకొంటిని. కాని దారి చూపిన ఇరుళ యువకుడు ప్రతి చెట్టునకు తన భాషలో పేరు చెప్పుచుండగా సిగ్గుపడితిని.

సైరంధ్రి అనుచోట ఇనుప గోపురమెక్కి కుంతీనదిని చూచితిమి. విరాటపర్వకథ విన్న పిల్లలకు ఆ పేర్లు ఎంతయో సంబరము! అచ్చటనే విద్యుత్తునకై ఆనకట్ట కట్టదలచిరి. 1973లో ప్రణాళికాసంఘము అంగీకరించినది. విద్యుత్తు అక్కరలేదని నేననను. అయినను వృక్షశాస్త్రోపాధ్యాయులు ఎం.కె. ప్రసాద్, కవయిత్రి సుగతకుమారి, కేరళ శాస్త్రసాహిత్య పరిషత్తువారు నీట మునుగబోవు అడవి విలువను ప్రజలకు విప్పి చెప్పిరి. 1983లో ఆ పథకము విడువబడినది. 1984లో ఆ ప్రాంతము జాతీయోద్యానమైనది. వారిలో ఒక ఉపాధ్యాయుడుండుట నాకు గర్వము.

జలగలను గూర్చి యడిగిన తల్లులకు ఒక మాట: మువ్వురిని పట్టినవి, ఉప్పు తగులగానే ఊడినవి. వచ్చు డిసెంబరులో మరల పోయెదము. ఈమారు బాలికలు ఏడుగురే వచ్చిరి. అనుమతి పత్రములు దసరా సెలవులకు ముందే మీ యిండ్లకు వచ్చును. మొదటి పత్రము ఎవరి యింటికి పంపవలెనో నాకు తెలియును.