గోండుల చేతికి వచ్చినవి, చేయి దాటినవి

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో మార్లవాయి అని ఒక గోండు గూడెం. అక్కడ ఒక యూరపు దంపతుల సమాధులున్నాయి. ఏటా జనవరి 11న చుట్టుపక్కల గూడేలవాళ్ళు వచ్చి వాళ్ళ వర్ధంతి జరుపుతారు. ఆయన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, 1909లో వియన్నాలో పుట్టినవాడు. ఆమె ఎలిజబెత్, అందరికీ బెట్టీ. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ సర్కారు లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. నిజాం రాజ్యం పొలిమేర దాటకూడదన్న షరతు మీద వదిలిపెట్టారు. పండితుడికి అంతకంటే మేలైన శిక్ష ఉండదేమో! ఆ నిర్బంధంలోనే ఆయన నల్లమల చెంచుల మధ్య, గోదావరి కొండరెడ్ల మధ్య, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల మధ్య గుడిసె వేసుకుని బతికాడు. బెట్టీ 1987లో హైదరాబాదులో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. అస్థికలు చాలా ఏళ్ళ తర్వాత ఆమె పక్కకు చేరాయి.

ఈ ఉపన్యాసానికి గోండులను ఎంచుకోవడానికి కారణం ఉంది. బయటి ప్రపంచం తాకితే ఆదివాసీ బతుకు ఏమవుతుందన్న చర్చ మన దగ్గర ఎక్కువగా గాలిలోనే సాగుతుంది. ఆదిలాబాద్ విషయంలో అలా కాదు. హైమన్‌డార్ఫ్ 1940లలో చూసి రాశాడు, 1970లలో మళ్ళీ వచ్చి అవే గూడేలు చూసి రాశాడు. ఆ తర్వాతి నాలుగైదు దశాబ్దాలు మన కళ్ళ ముందే జరిగాయి. ఒక్క సమాజంలో 80 ఏళ్ళ మార్పుకు ఇంత దగ్గరి సాక్ష్యం అరుదు. ఆ సాక్ష్యం చెప్పేది కూడా మనం అనుకునేదానికి భిన్నంగా ఉంది. గోండులు కొత్తవాటికి తలుపులు వేసుకున్నవాళ్ళు కారు. చాందా కోటలో 18వ శతాబ్దం నడిమి దాకా గోండు రాజులే ఏలారు. బయటివాళ్ళు వచ్చేసరికే వీళ్ళు నాగలి కట్టి నల్లరేగడి దున్నుతున్నారు, సంతలో మరాఠీ మాట్లాడుతున్నారు. వచ్చిన వస్తువు ఏదన్న దానికంటే, దాని పిడి ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టే ఇక్కడ మేలూ కీడూ తేలాయి.

మొదట వచ్చింది రైలు. 1929లో కాజీపేట నుంచి బల్లార్షాకు లైను పూర్తయింది. మద్రాసు, ఢిల్లీ కలిశాయి. గోండుల అడవి ఆ దారి పక్కనే పడింది. బెల్లంపల్లిలో బొగ్గు, సిర్పూరులో వెదురు. కాగజ్‌నగర్ మిల్లులో 1940లలో కాగితం తయారీ మొదలైంది. రైలూ రోడ్డూ తెచ్చిన జనంలో పత్తి నేలలు వెతుక్కుంటూ వచ్చిన రైతులున్నారు, వెనకాలే షావుకార్లున్నారు. అటు అటవీశాఖ హద్దురాళ్ళు పాతుకుంటూ వచ్చింది. నిన్నటి దాకా ఒక చోట దున్ని, నేల అలిసిపోతే మరో చోటికి పోయిన గోండు రైతు రెండు గీతల మధ్య చిక్కుకున్నాడు. ఒక గీత అవతల అడవి, అది సర్కారుది. మరో గీత అవతల పట్టా భూమి, అది వేరొకరి పేరుది. 1940లో జోడేఘాట్ కొండల్లో గోండు నాయకుడు కుమురం భీం పోలీసు తూటాలకు నేలకొరిగింది ఈ ఇరుకులోంచి లేచిన తిరుగుబాటులోనే. కారణాలు తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది.

ఆయన పట్టుకున్న అసలు సంగతి కాగితం. తరాలుగా సాగు చేస్తున్న భూమికి గోండు దగ్గర కాగితం లేదు. నిన్న వచ్చినవాడి దగ్గర ఉంది. గోండు పటేల్ మాట ఊళ్ళో చెల్లుతుంది, తహసీలు కచ్చేరీలో చెల్లదు. వెదురు నరికి మిల్లుకు పంపిన చేతుల్లోనే కాగితం లేకపోవడం ఆ కాలపు విచిత్రం. హైమన్‌డార్ఫ్ ఒత్తిడితో వేల కుటుంబాలకు పట్టాలిచ్చారు. చదవగలిగితేనే ఆ కాగితం నిలుస్తుందని 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టారు, గోండి వాచకాలు నాగరి లిపిలో అచ్చు వేయించారు. 1949 నాటికి హైదరాబాదు రాజ్యంలో గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1959 భూబదలాయింపు నిబంధన వచ్చింది. దాన్ని 1970లో సవరించి మరీ బిగించారు: షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల మధ్య చేతులు మారినా చెల్లదన్నారు. చట్టంగా చూస్తే దేశంలో ఇంత గట్టివి కొన్నే.

మరి భూమి నిలిచిందా? 1970లలో తిరిగివచ్చిన హైమన్‌డార్ఫ్ రాతలో కోపం కనిపిస్తుంది. తను ఇప్పించిన పట్టాలు తాకట్టులో, కౌలు పేరుతో, అప్పు పద్దులో ఎలా జారిపోయాయో ఊరి పేర్లతో సహా రాశాడు. 1982లో వచ్చిన ఆయన పుస్తకం ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’లో ఆదిలాబాద్ అధ్యాయాలు చదివితే, అంతకు ఏడాది ముందు, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపే దాకా సంగతి ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. సర్కారు లెక్కలో ఆ రోజు చనిపోయినవాళ్ళు 13 మంది. ఊళ్ళ లెక్క అంతకు చాలా ఎక్కువ.

కాగితం తర్వాత తెర వచ్చింది. 2020లో తెలంగాణ భూరికార్డులన్నీ ధరణి పోర్టల్‌లోకి వెళ్ళినప్పుడు, పాత పహాణీలో ఉండే అనుభవదారు గడి అందులో లేకుండా పోయింది. భూమి ఎవరి పేరున ఉందన్నది మిగిలింది, ఎవరు దున్నుతున్నారన్నది మాయమైంది. రాతలేని హక్కు మీద తరాలు గడిపిన జనానికి ఆ ఒక్క గడి ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఈ మధ్యలో, 2006 అటవీ హక్కుల చట్టం కిందికి రావలసిన పోడు భూములది వేరే వరస. 2023 జూన్‌లో ఆసిఫాబాద్ సభలో మరో విడత పోడు పట్టాల పంపిణీ మొదలైంది. చట్టం వచ్చి అప్పటికి 17 ఏళ్ళు.

ఇదే హైమన్‌డార్ఫ్ తెచ్చిన మరో బయటి వస్తువు కథ ఇందుకు పూర్తిగా ఎదురు. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య నాడు నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశంవాళ్ళు చెప్పుల్లేకుండా రోజుల తరబడి నడిచి, జన్నారం వైపు గోదావరి మడుగు నుంచి నీళ్ళు తెచ్చి దేవుణ్ణి అభిషేకిస్తారు. ఆ ఏడు పెళ్ళయి వచ్చిన కోడళ్ళను నాగోబాకు పరిచయం చేసే భేటింగ్ ఆ రాత్రే. ఈ జాతరకు 1940లలో ఒక దర్బారు తోడైంది. ఎలాగూ అన్ని గూడేల పెద్దలూ అక్కడికి వస్తారు కదా, అధికారులే అక్కడికి వెళ్ళి వాళ్ళ గోడు వినాలన్నది ఆలోచన. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, జిల్లా ముక్కలైంది. దర్బారు మాత్రం ఉంది. కలెక్టరూ, ఉట్నూరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారీ, ఒక్కో ఏడు మంత్రులూ వచ్చి కూర్చుంటారు. ఇప్పుడు ఎవరినడిగినా అది జాతరలో భాగమేనంటారు. దానికి విదేశీ మూలం ఉందని ఎవరూ నొచ్చుకోరు. పిలిచేది వాళ్ళు, చోటు వాళ్ళది, వచ్చి కూర్చోవలసింది సర్కారు. అర్జీల్లో ఎన్ని తీరతాయంటే అది వేరే సంగతి. గుడి కూడా అంతే. మెస్రం కుటుంబాలు తామే చందాలు వేసుకుని రాతిగుడి కట్టుకున్నాయి, 2022లో ప్రతిష్ఠ జరిగింది. శిల్పుల పనీ సిమెంటూ లారీలూ అన్నీ బయటివే.

పత్తి దగ్గరికి వచ్చేసరికి పిడి చేయి మారిపోయింది.

గోండుల తిండి జొన్న. జొన్న చేలో సాళ్ళ మధ్య కంది, పెసర, అనుములు పడేవి. గింజ ఇంటికి, చొప్ప ఎద్దులకు, కొంత విత్తనానికి. వానలు ఒక పంటను దెబ్బ తీస్తే మరొకటి నిలిచేది. కొత్త పంట ఏదైనా దేవుడికి పెట్టకుండా నోట పెట్టుకునేవాళ్ళు కారు. ఏడాది పండుగల వరస చేను వరసను అంటిపెట్టుకుని ఉండేది. పత్తి కూడా వాళ్ళకు తెలియనిది కాదు, కాకపోతే అది పక్క పంట. రోడ్డు, మార్కెట్టు, అప్పు కలిసి దాన్ని అసలు పంట చేశాయి. 2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చాక ఆ మలుపు పూర్తయింది. బీటీ విత్తనం హైబ్రిడ్. దాన్నుంచి తీసిన గింజ మళ్ళీ వేస్తే అలాగే పండదు. ప్రతి మృగశిరకూ కొత్త ప్యాకెట్టు కోసం పట్నం దుకాణానికి పోవాలి. దుకాణందారే ఎరువు అరువిస్తాడు, పురుగుమందు అరువిస్తాడు, కోతయ్యాక పత్తి కొనేదీ చాలాసార్లు అతనో అతని మనిషో. తూకం అతనిది, వడ్డీ అతనిది.

బీటీ పనిచేయలేదని అనడం అన్యాయం. కాయతొలుచు పురుగుల మీద మొదటి ఏళ్ళలో బాగా పనిచేసింది, గోండు రైతు ఇంట్లో కూడా నగదు కనిపించింది. ఆ డబ్బుతో పిల్లల్ని హాస్టల్లో చదివించినవాళ్ళున్నారు, మోటారు సైకిలు కొన్నవాళ్ళున్నారు. తర్వాత గులాబీరంగు పురుగు దాన్ని తట్టుకోవడం నేర్చుకుంది. ఇప్పుడు కలుపుమందును తట్టుకునే పత్తి విత్తనం, అనుమతి లేకుండానే, ఈ జిల్లాల్లో దొంగచాటుగా అమ్ముడవుతోంది. కూలి ఖర్చు మిగులుతుందని రైతు కొంటాడు. ఆ మందు చల్లితే పత్తి మొక్క నిలుస్తుంది, సాళ్ళ మధ్య వేసిన కందీ పెసరా మాడిపోతాయి. అంటే చేలో ఇంకో గింజకు చోటే లేదు. రేషను బియ్యం జొన్న స్థానంలోకి వచ్చింది. పొలంలో పండేది తినేది కాదు, తినేది పొలంలో పండేది కాదు. వెనకటి పండుగలు మానలేదు, కొత్త పంట పెట్టవలసిన రోజున మాత్రం చేలో కోయడానికి తిండిగింజ ఉండదు.

దీని దెబ్బ ఎక్కడెక్కడో తగులుతుంది. పర్ధానులనే చూడండి. గోండు వంశాల దేవుళ్ళ కథలు గోండుల దగ్గర ఉండవు, పర్ధానుల గొంతులో ఉంటాయి. ఒక్కో గోండు ఇంటివంశానికి ఒక్కో పర్ధాను కుటుంబం. మూడు తీగల కిక్రీ మీద కమాను లాగుతూ, వంశదేవుడు పెర్సాపేన్ పూజల్లో, చావుల్లో, పెళ్ళిళ్ళలో రాత్రంతా కథ పాడతారు. ప్రతిఫలం ధాన్యం, బట్టలు, ఒకప్పుడు పశువులు. ఇంట్లో గాదె ఉన్నప్పుడు ఇచ్చే చేయి ఒకలా ఉంటుంది, అప్పుల పద్దు ఉన్నప్పుడు మరోలా ఉంటుంది. కొడుకు కిక్రీ పట్టకపోవడానికి ఫోనును తిట్టిపోయడం తేలిక. ఆ కొడుక్కి కిక్రీతో నెల గడుస్తుందా అని మాత్రం ఎవరూ అడగరు.

నిజానికి గొంతును మోసే యంత్రాలు గోండికి కొంత మేలే చేశాయి. ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం గోండిలో కార్యక్రమాలు మొదలుపెట్టాక, సర్కారీ గొంతు తమ భాషలో మాట్లాడటం గూడేలు విన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో 2010 ప్రాంతంలో మొదలైన సీజీనెట్ స్వర ఇంకో అడుగు వేసింది: మామూలు ఫోను నుంచి ఒక నంబరుకు మోగించి, గోండిలో తన ఊరి బాధ రికార్డు చేయవచ్చు, వేరేవాళ్ళది వినవచ్చు. చదువు అక్కర్లేదు. రేడియోలో వినడమే ఉంది, ఇందులో చెప్పడం కూడా ఉంది.

వేదిక సంగతి ఇంత సులువుగా తేలదు. దీపావళికి ముందు దండారీ నాట్య బృందాలు ఊరి నుంచి ఊరికి అతిథులుగా పోతాయి. నెమలి ఈకల కిరీటం పెట్టి, ఒంటికి బూడిద పూసుకున్న గుస్సాడీ ఆ రోజులన్నీ స్నానం చేయడు, దీక్షలో ఉంటాడు. కోలబోడి అనే ముగింపు పూజతో దీక్ష ముగుస్తుంది, కిరీటాలు దాచేస్తారు. ఆ నాట్యమే ఇప్పుడు ప్రభుత్వ వేడుకల్లో, నాయకుల స్వాగతాల్లో ఏ నెలలో అంటే ఆ నెలలో కనిపిస్తుంది. మార్లవాయికి చెందిన కనకరాజు 1980లలోనే ఢిల్లీ దాకా వెళ్ళి ఆడాడు, ఎంతోమందికి నేర్పాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశాడు. ఆయన లేకపోతే గుస్సాడీ పేరు జిల్లా దాటేది కాదు. అయినా మంత్రి కారు దిగే చోట దీక్ష లేని గుస్సాడీ పది నిమిషాలు ఆడుతుంటే, అది గౌరవమా, అలంకారమా అన్న సందేహం గోండు పెద్దలకే ఉంది. ఆ లెక్క వాళ్ళే తేల్చుకోవాలి. సాంస్కృతిక శాఖ తేల్చేది కాదు.

చివరగా లిపి. నార్నూరు మండలం గుంజాలలో గోండి భాషకు సొంత లిపిలో రాసిన పాత ప్రతులు బయటపడ్డాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారి కృషితో లోకానికి తెలిసేనాటికి, దాన్ని చదవగలిగిన పెద్దలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. 2018లో గుంజాల గోండి యూనికోడ్‌లో చేరింది. ఫాంట్లు వచ్చాయి, వాచకాలు వచ్చాయి. చేతిరాతలోనే అంతరించిపోవలసిన అక్షరాలకు ఫోను కీబోర్డు దారి తెరిచింది. యంత్రం చేయగలిగింది అక్కడితో సరి, తర్వాత కావలసింది పంతులు.

1943లో మార్లవాయిలో కుదిర్చిన ఏర్పాటు ఆ పంతులు కోసమే. 1956 తర్వాత బడి తెలుగు బడి అయింది; ఇప్పుడు ఇంగ్లీషు వైపు నడుస్తోంది. గోండి ఇంట్లో మాట్లాడే పిల్లవాడు మొదటి రోజు తరగతిలో అర్థంకాని మాటలు వింటాడు. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబరు 3 ఈ లోటును కొంత పూడ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది; నూరు శాతం రిజర్వేషను చెల్లదంది. గోండి అక్షరాలు ఇప్పుడు ఏ ఫోనులోనైనా దిగుతాయి. వాటిని నేర్పే పంతులు గోండి తెలిసినవాడై ఉండాలన్న నియమం మాత్రం ఏ నియామక ప్రకటనలోనూ లేదు. ఆ నియమం కోసం ఐటీడీఏకు అర్జీలు పెట్టడం గోండు సంఘాలు మొదలుపెట్టాల్సిన పని. రాతలో పెట్టాల్సింది కూడా ఒక్కటే: ఒకటో తరగతి నుంచి మూడో తరగతి దాకా చెప్పేవాళ్ళకు గోండి, కోలాం గూడేల్లోనైతే వాళ్ళ భాష కోలామీ, వచ్చి ఉండాలి.