భౌతిక సత్యము – సాంఘిక సత్యము
(పద్మశాలీయ మహాసభయందు గావింపబడిన ఉపన్యాసము)



 తత్త్వవిచారమువలె తోచు నొక విషయమును మన మగ్గముచెంతనే నిలిపి విన్నవింపదలచితిని.

సత్యములు రెండు విధములు. నూలుపోగు సన్నదనము భౌతిక సత్యము; అది మన తీర్మానములను వినదు. పౌను నూలులో 840 గజముల చిలపలెన్ని యుండునో అదియే దాని నంబరు. ఈ 840 అను లెక్క మనుష్యులు చేసికొన్న కట్టుబాటు. ఇది సాంఘిక సత్యము. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1000 రూపాయల నోట్ల రద్దు ప్రకటింపబడినప్పుడు కాగితము మారలేదు, చెలామణి పోయెను. అట్లని సాంఘిక సత్యము కల్ల యనరాదు. బ్యాంకులయెదుట వరుసలలో నిలిచినవారి కాళ్లనొప్పి నిజమైనదే గదా! అయినను మనుజులు కట్టిన ముడి మనుజులే విప్పగలరు.

ఇక మన యింటిమాట. పోచంపల్లి చీరకు ముందుగా ఆసు పోయవలయును. ఒక్క చీరకు సుమారు 9,000 మారులు స్త్రీ తన చేతిని సాచి ముడువవలెను. భుజమునకు ఇది శ్రమ. షావుకారు చిట్టాలో ఇది శ్రమ కాదు, ఇంటిపని. తల్లి పడు బాధను చూడజాలక శ్రీ చింతకింది మల్లేశముగారు 1999లో లక్ష్మీ ఆసుయంత్రమును నిర్మించిరి. 2017లో పద్మశ్రీ బిరుదము నందిరి. యంత్రము భుజముల నొప్పిని తీర్చినది. “ఇది పని కాదు” అను మాటను తీర్చవలసినవారము మనమే.

2019–20 చేనేత గణనయందు దేశమున 35 లక్షలకు పైబడిన చేనేత శ్రామికులలో 25 లక్షలకు మించి స్త్రీలే. అయినను మగ్గముపై కూర్చున్న పురుషునే నేతగాడనుచున్నాము.

“ఇల్లొక్కటియే గదా, కూలి యెవరిచేతికి వచ్చిన నేమి?” అని కొందరందురు. పెనిమిటి మంచమెక్కిననాడు ఈ ప్రశ్నకు ఉత్తరము దొరకును. ముప్పది యేండ్లు కండెలు చుట్టి, ఆసు పోసిన యిల్లాలు ఆనాడు ఏ చిట్టాలోను పనివారు కాదు.

కావున మన సహకార సంఘముల జాబితాలలో స్త్రీల పేర్లు వ్రాయుదము. కండెలకు, ఆసుకు వేరుగా కూలి కట్టుదము. పేక ఒక్కటియే వస్త్రము కానేరదు. కులాభిమానము కలవారందరు దీనిని తమ యింటినుండియే ప్రారంభింతురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.