చేతికొచ్చే జీతం, చేతికి రాని జీతం



జీతం ఎంత అని అడిగితే మన ఆడవాళ్లు టక్కున చెబుతారు. అందులో కోత ఎంత, దేనికి అని అడిగితే, "ఏమో మేడమ్, పీఎఫ్ అంటారు, ఆఫీసువాళ్లకే తెలియాలి" అంటారు. చాలామంది ఏటీఎం కార్డు కూడా భర్త జేబులోనే ఉంటుంది. అది వేరే సంగతి అనుకుంటాం గాని, రెండూ ఒకటే సంగతి.

ఒక లెక్క వేసుకుందాం. హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం చేసే ఒకామెకు 2025 జులైలో మొత్తం జీతం 18,000 అనుకోండి. బేసిక్, డీఏ కలిపి 12,000, మిగతాది ఇంటి అద్దె భత్యం. పీఎఫ్‌కు 12,000 మీద 12 శాతం, అంటే 1,440. ఈఎస్ఐకి 18,000 మీద 0.75 శాతం, 135. వృత్తి పన్ను 150. మొత్తం 1,725 పోగా చేతికి 16,275. ఆదాయపు పన్ను ఈ జీతానికి రాదు. 2025-26లో కొత్త పద్ధతి ఎంచుకున్న జీతగాళ్లకు ఏడాదికి 12,75,000 దాకా పన్ను లేదు. బడ్జెట్ రోజున టీవీల్లో జరిగే చర్చ ఈమె గురించి కానే కాదు. (స్త్రీలకు మినహాయింపు పరిమితి కాస్త ఎక్కువ ఉండేది. 2011-12లో పురుషులకు 1,80,000, స్త్రీలకు 1,90,000. మరుసటి ఏడాది ఆ పదివేల తేడా కూడా తీసేశారు.)

ఆమె పట్టించుకోవలసింది ఆ 1,440ని. యజమాని కూడా అంతే వేయాలి. ఆయన వాటాలోంచి 8.33 శాతం, అంటే 1,000, పెన్షన్ పథకానికి పోతుంది. మిగిలిన 440 పీఎఫ్‌లో చేరుతుంది. పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. పదేళ్లలో ఒక స్త్రీ జీవితంలో ఏమేం జరుగుతాయో మనకు తెలుసు. పెళ్లి, కాన్పు, అత్తగారి జబ్బు, భర్త బదిలీ. ప్రతిసారీ ఉద్యోగం మానేది ఆమే. మానగానే ఇంట్లోవాళ్ల చూపు ఆ డబ్బు మీద పడుతుంది, ఆడపడుచు పెళ్లికో, స్కూటరుకో. పదేళ్లు నిండకుండా పెన్షన్ వాటా కూడా తీసేసుకుంటే ఆ సర్వీసంతా తుడిచిపెట్టుకుపోతుంది. మళ్లీ ఉద్యోగంలో చేరితే మొదటి నుంచి లెక్క. డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే పాత ఏళ్లు కొత్త ఉద్యోగంలో కలుస్తాయి. ఈ మాట ఆఫీసుల్లో అడగనిదే ఎవరూ చెప్పరు.

ఇంతా చేసి వచ్చేదెంత? సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. 12,000కి పదేళ్లయితే, 58 ఏళ్లు నిండాక నెలకు 1,714. ఏ మూలకని మీరంటే నేను వాదించను. కనీస పెన్షన్‌ను 2014లో వెయ్యి రూపాయలు చేసి చేతులు దులుపుకున్న దేశం మనది. అయినా కొడుకునీ కోడలినీ అడగకుండా మందులు కొనుక్కోవడానికి తన పేర వచ్చే డబ్బు అది.

నామినేషన్ సంగతి కూడా చెప్పాలి. 1952 నాటి పీఎఫ్ స్కీము ప్రకారం, భర్తను తన కుటుంబం లెక్కలోంచి తీసేయాలనుకున్న స్త్రీ కమిషనరుకు రాసి ఇస్తే చాలు. పురుషుడు భార్యను తీసేయాలంటే ఆమెకు మనోవర్తి హక్కు లేకుండా పోయిందని రుజువు చేయాలి. చట్టం రాసినవాళ్లకు ఎప్పుడో ఒకసారి ఇలాంటి బుద్ధి పుడుతుంది. మరి వదిలేసి వెళ్లిన భర్త పేరే ఇంకా నామినీగా ఉన్నవాళ్లు మనలో ఎంతమంది?

జీతం చీటీ వెంట తెచ్చుకున్నవాళ్లు భోజనాలయ్యాక ఉండండి. కూర్చుని లెక్క చూద్దాం.