పురుగు తప్పా, మనిషి తప్పా
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను పదో తరగతి వరకే చదివాను. మైకు ముందు మాట్లాడడం కొత్త. పట్టుపురుగుల గురించి మాట్లాడమన్నారు. లాభం వచ్చిన కథ అందరూ చెప్తారు. నేను నష్టం వచ్చిన కథ చెప్తాను, ఎందుకంటే నాకు పని నేర్పింది అదే.

ముందు పురుగు సంగతి. మాకు వంద గుడ్లు అంటే వంద పురుగులు కాదు. ఒక తల్లి సీతాకోక పెట్టిన గుడ్లన్నీ కలిపి ఒక్క గుడ్డు లెక్క. అందులో నాలుగైదు వందల పురుగులు వస్తాయి. అంటే వంద గుడ్లకు నలభై యాభై వేల పురుగులు ఇంటికి వచ్చినట్టే. పురుగు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. దాన్నే మేము జ్వరం అంటాం. రెండో జ్వరం దాటిన పురుగుల్ని చాకీ సెంటర్ నుంచి తెచ్చుకుంటాం. నాలుగో జ్వరం తర్వాత వారం రోజులు తిండే తిండి. మొత్తం ఆకులో ఎక్కువ భాగం ఆ వారంలోనే తినేస్తాయి. రాత్రి షెడ్డులో నిలబడితే ఆకు తినే చప్పుడు సన్న వాన పడినట్టు ఉంటుంది.

ఆ తిన్న ఆకే పట్టు అవుతుంది. పురుగు ఒంట్లో రెండు పక్కలా రెండు పట్టు గ్రంథులు ఉంటాయి. అక్కడ పట్టు నీళ్లలాగా, చిక్కగా ఉంటుంది. పండిన పురుగుల్ని చంద్రికల మీదికి ఎక్కిస్తే, నోటి కింద ఉన్న సన్న రంధ్రం నుంచి దాన్ని బయటికి లాగుతాయి. లాగేటప్పుడే అది గట్టిపడి దారం అవుతుంది. రెండు పోగులు, వాటిని అతికించే జిగురు కలిస్తే ఒక దారం. తలను ఎనిమిది అంకెలాగా తిప్పుతూ రెండు మూడు రోజులు అల్లుతుంది. మేము పెంచే తెల్ల రకంలో ఒక్క గూటి నుంచి కిలోమీటరు దాకా దారం వస్తుంది. అది ధర్మవరం మగ్గం మీద చీర అయ్యే దాకా ఎన్ని చేతులు మారుతుందో మీకు తెలుసు. దారం చేసేది పురుగే. మన పని ఆకు, గాలి, శుభ్రం. అంతే. ఆ శుభ్రం దగ్గరే నేను తప్పు చేసినా.

గ్రూపు నుంచి యాభై వేలు అప్పు తీసుకుని స్టాండ్లు, చంద్రికలు కొన్నాం. మొదటి పంట బాగా వచ్చింది. తోటలో ఆకు ముదిరిపోతుందని తొందరపడి వెంటనే రెండో పంట పెట్టాం. షెడ్డు చీపురుతో ఊడ్చి ఊరుకున్నాను. బ్లీచింగ్, సున్నం నీళ్లు కొట్టలేదు. నాలుగో జ్వరం అయ్యాక ఐదో రోజు చూస్తే కొన్ని పురుగులు ఉబ్బి, ఆకు ముట్టకుండా, అంచుల వెంబడి తిరుగుతున్నాయి. ముట్టుకుంటే చర్మం చిట్లి పాలలాగా కారింది. ఆ పాలే మిగతా వాటికి అంటుకుంటుంది. మూడు రోజుల్లో షెడ్డంతా వాసన. గుంత తీసి, సున్నం చల్లి పూడ్చి పెట్టాము. మిగిలిన గూళ్లు పదకొండు కిలోలు.

ఆ నెల కంతు కట్టలేకపోయాను. మీటింగులో అడిగితే "గుడ్లు మంచివి కావు" అని చెప్పినా. సిగ్గుతో చెప్పిన అబద్ధం అది. ఒక అక్క అయితే ఇక పురుగులకు అప్పే ఇవ్వొద్దు అంది. అప్పుడు మా గ్రూపులో పెద్దామె ఒక్క మాట అంది: "పురుగు తప్పా, మనిషి తప్పా, ముందు అది తేల్చండి." అదే చాకీ సెంటర్ నుంచి, అదే రోజు పురుగులు తెచ్చుకున్న మా గ్రూపు చెల్లెలికి పంట బ్రహ్మాండంగా ఉంది. ఆ వారం నాకు నిద్ర పట్టలేదు. తర్వాతి మీటింగులో లేచి, మందు కొట్టలేదని అందరి ముందు ఒప్పుకున్నాను.

ఎవరూ తిట్టలేదు. ఆ కంతు పొదుపులో నుంచి సర్దారు. కానీ తీర్మానం పుస్తకంలో ఒక తీర్మానం రాశారు. ఎవరు పురుగులు తెచ్చినా, ముందు ఇద్దరు సభ్యులు పోయి షెడ్డు కడిగారా, మందు కొట్టారా చూసి సంతకం పెట్టాలి. చెప్పులు బయట విడవాలి, చేతులు కడుక్కోవాలి, జ్వరంలో ఉన్నప్పుడు పడకల మీద సున్నం చల్లాలి. మొదట్లో ఇది పోలీసు పని అని నవ్వినారు. ఆ తర్వాత నేను ఆరు పంటలు తీశాను. ఎండాకాలంలో ఒకటి వేడికి తగ్గింది, మిగతావి నిలబడ్డాయి. పోయిన పంట అరవై నాలుగు కిలోలు. అప్పు తీరిపోయింది.

సమాఖ్యను ఒకటే అడుగుతున్నాను. మందు కొట్టే స్ప్రేయరు, ముఖానికి మాస్కులు, చేతికి గ్లౌజులు ఊరికొక జత కొనివ్వండి. ఒక్కొక్కరం కొనాలంటే బరువు, కొనకపోతే పంటే పోతుంది. బ్లీచింగ్ ఘాటుకు ఆడవాళ్ల కళ్లు, గొంతు మండుతున్నాయి కూడా.

అక్కలారా, అప్పు ఇచ్చేటప్పుడు మనిషిని నమ్మండి. కానీ షెడ్డు కూడా చూసి రండి. నన్ను నమ్మి మళ్లీ అప్పు ఇచ్చిన మా గ్రూపు సభ్యులకు ఈ సభాముఖంగా దండాలు.