మన పాన్ మీద ఎవరెవరు లోన్ అడిగిన్రో చూసుకోండి

మొన్న క్యాంపులో చెప్పిన మాటే రాస్తున్న. నేను దుబాయ్ సైటు మీద ఉండంగ ఊర్ల ఇంటి లోన్ అడిగితే బ్యాంకోళ్లు కాదన్నరు. సిబిల్ రిపోర్టు తీస్తే, ఎంక్వైరీల కాడ నేనెన్నడూ అడగని లోన్ కంపెనీ పేరు మూడుసార్లు ఉంది. పాన్ జిరాక్స్ ఎవలకిచ్చిననో యాదికి లేదు.

రిపోర్టు ఏడాదికోసారి ఫ్రీ. ఇండియా సిమ్ బంద్ పెట్టకండి, ఓటీపీ దానికే వస్తది. నాకు అక్కడే వారం పోయింది. సిబిల్ వెబ్‌సైటులో డిస్ప్యూట్ పెట్టిన, పైసా ఖర్చు లేదు. ఆ కంపెనీకీ మెయిల్ కొట్టిన. 30 రోజుల్లో తేల్చాలి, దాటితే రోజుకు 100 రూపాయలు మనకియ్యాలని రిజర్వ్ బ్యాంక్ రూల్. మనం నిజంగా అప్లై చేసిన ఎంక్వైరీ మాత్రం పోదు. తీపిస్తమని పైసలడిగే ఏజెంట్లకు ఇయ్యకండి.

నావి రెండు తీసేసిన్రు. మూడోదానికి సంతకం చేసిన ఫారం చూపియ్యమని అడిగిన, ఇంకా జవాబు లేదు.