మాచారెడ్డి: ఊరును, నీరును



నగరములకు చరిత్రకారులు పెక్కుమంది కలరు. పల్లెలకు వృద్ధులే చరిత్రకారులు. కావున నేడు మాచారెడ్డిని గూర్చి మీవంటి పెద్దల యెదుట నాలుగు మాటలు విన్నవించుచున్నాను.

ఈ గ్రామము కామారెడ్డికి ఈశాన్యమున, సిరిసిల్ల వైపు పోవు త్రోవలో నున్నది. ‘మాచ’ యనునది తెలుగువారిలో ప్రాచీనమైన వ్యక్తినామము. ‘రెడ్డి’ శబ్దము గ్రామాధికారిని దెలుపు ‘రట్టగుడి’ నుండి పుట్టినదని పండితుల మతము. కామారెడ్డి, ఎల్లారెడ్డి యను పేర్లును ఈ తీరువే. అయినను పేరు చూచి కథ కట్టరాదు. శాసనమో పత్రమో చూపక ఫలానావాడు ఈ యూరు కట్టించెననుట, విత్తక పంట కొలుచుట వంటిది.

వ్రాతలో నున్న చరిత్ర యిది. కామారెడ్డి తాలూకాతో నీ ప్రాంతము ఇందూరు జిల్లాలో నుండెను. 1905లో ఇందూరు నిజామాబాదయ్యెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున గలిసెను. 1985లో మండలము లేర్పడగా మాచారెడ్డి మండల కేంద్రమయ్యెను. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లాలో జేరెను. కచ్చేరులు మారినవి గాని వాగు దారి మారలేదు.

బడిలో భూగోళము చెప్పునపుడు నేను మొదట పటము చూపెడివాడను కాను. వాన వెలిసిన పిదప మీ వాకిటి నీరెటు పోవునో చూచి రండని పిల్లలను బంపెడివాడను. ఎల్లారెడ్డి వైపు పడిన చినుకు మంజీరకు బోయి, కందకుర్తి యొద్ద గోదావరిలో గలియును. మాచారెడ్డి వైపు పడినది పాల్వంచ వాగున దిగి, నర్మాల యొద్ద ఎగువ మానేరు జలాశయము జేరి, మానేరు వెంట మంథని ప్రాంతమున గోదావరి నందుకొనును. ఇరుగుపొరుగు నేలల నీళ్లు ఇంత దూరము వేరై పోయి, మరల ఒక్క నదిలోనే కలియుచున్నవి.

రాతిగుట్టలు, ఎర్ర చెల్కలు గల యీ సీమకు చెరువే ప్రాణము. వరుసగా గట్టిన చెరువులలో పై చెరువు మత్తడి దూకిన నీరు క్రింది చెరువును నింపును. ఈ సంగతి యెరిగియే 2015 మార్చి 12న పొరుగుననున్న సదాశివనగరము పాత చెరువు కడ మిషన్ కాకతీయను ప్రారంభించిరి. పూడిక తీసిన చాలదు. నీరు వచ్చు కాలువయు, పోవు దారియు మిగిలియుండవలెను. 2025 ఆగస్టు చివర కామారెడ్డి ప్రాంతమున కుంభవృష్టి కురిసి, వాగులు పొంగి, రోడ్లును రైలు కట్టయు గూడ దెగిపోయినవి. నీటికి దారి లేనిచోట నీరే దారి చేసికొనును.

పటేలు, పట్వారీల పదవులు 1984లో రద్దయినవి. వాని మంచిచెడుల మాట యటుంచుడు. ఏ కాలువ యెచట మలుపు దిరుగునో, ఏ తూము క్రింద నెంత మడి తడియునో తెలిసినవారు మాత్రము నేడు కొద్దిమందియే. ఆ కొద్దిమందియు మీరే. మీ తరువాత ఆ గుంటలో ఇల్లు కట్టవచ్చునా యని మనుమడు ఎవరి నడుగును?

కాబట్టి పెద్దలారా, నా మనవి యొక్కటే. ఈ వానకాలమునకు ముందే చదువు వచ్చిన పిల్లవానిని వెంటబెట్టుకొని చెరువు కట్ట మీద నడువుడు. మత్తడి, తూము, కాలువ, కుంట, బండ, దేవుని గుట్ట — వీని పేర్లన్నియు వ్రాయించి, ఒక ప్రతిని పంచాయతీలోను, ఒక ప్రతిని బడిలోను నుంచుడు. అదియే మీ యూరి తొలి చరిత్ర గ్రంథమగును.

సెలవు.